పాడైన బాహ్య హార్డ్ డిస్కు నుండి దత్తాంశ పునరుద్ధరణ

దత్తాంశ పునరుద్ధరణ అనగా పాడైపోయిన, లేదా కంప్యూటరుకు కనిపించకుండా పోయిన నిల్వ సాధనం నుండి అందులోని ఫైళ్ళను తిరిగి సంపాదించే ప్రక్రియ. వాడుకలో దీనిని డేటా రికవరీ అంటారు. కంప్యూటరు లోపల కాక బయట ఉండి, యు.ఎస్.బి. తీగతో తగిలించుకొనే డిస్కును బాహ్య హార్డ్ డిస్కు, అనగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అంటారు. పెళ్ళి ఫొటోలు, పరిశోధన గ్రంథాలు, దుకాణపు లెక్కలు, ముద్రణకు సిద్ధం చేసిన పుస్తకాలు ఇటువంటి డిస్కులలో దాచుకోవడం పరిపాటి. చాలా ఇళ్ళలో ఈ డిస్కులో ఉన్నదే ఏకైక ప్రతి. కనుక డిస్కు పాడయితే కలిగే నష్టాన్ని దాని ఖరీదుతో కొలవడం కుదరదు.

డిస్కు పాడవడం, అందులోని దత్తాంశం పోవడం రెండూ ఒకటి కావు. కంప్యూటరు గుర్తించలేకపోయినా లోపలి పళ్ళాలపై వ్రాసి ఉన్నది చాలా సందర్భాలలో చెక్కుచెదరకుండా ఉంటుంది. అది తిరిగి దొరకడం, దొరకకపోవడం తరచుగా అసలు ప్రమాదం మీద కంటె, ఆ తరువాత తొలి గంటలో యజమాని చేసిన పనుల మీద ఆధారపడుతుంది.

నిర్మాణం

హార్డ్ డిస్కు మొదట 1956లో ఐ.బి.ఎం. సంస్థ తయారుచేసిన రామాక్ యంత్రంతో వచ్చింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళాలున్న ఆ డిస్కులో 50 లక్షల అక్షరాలు మాత్రమే పట్టేవి. నేడు అరచేతిలో ఇమిడే ఒక టెరాబైటు డిస్కులో అంతకు రెండు లక్షల రెట్లకు పైగా సమాచారం పడుతుంది. పని చేసే సూత్రం మాత్రం మారలేదు. అయస్కాంత పూత గల పళ్ళాలు తిరుగుతూ ఉంటాయి, వాటి మీదుగా ఒక చేయి కదులుతూ ఉంటుంది, ఆ చేతి కొసనున్న హెడ్డు సమాచారాన్ని చదువుతుంది, వ్రాస్తుంది.

జేబులో పట్టే బాహ్య డిస్కులలో పళ్ళాల వ్యాసం సుమారు 2.5 అంగుళాలు. ఇవి సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. ఈ లెక్కన పళ్ళెం అంచు గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. హెడ్డు ఆ పళ్ళాన్ని తాకదు. తిరుగుడు వలన పుట్టే పలుచని గాలిపొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మనిషి వెండ్రుక మందం ఈ ఎత్తుకు వేల రెట్లు ఉంటుంది. ఇంటిలో సాధారణంగా తేలియాడే దుమ్మురేణువు సైతం ఈ సందులో పట్టదు. డిస్కు మూతను ఇంటివద్ద విప్పరాదని చెప్పడానికి కారణం ఇదే.

బాహ్య డిస్కులో మరొక భాగం ఉన్నది. పెట్టె లోపలి డిస్కు సాటా అనే పద్ధతిలో మాట్లాడుతుంది, కంప్యూటరు యు.ఎస్.బి. పద్ధతిలో వింటుంది. ఈ రెంటికి నడుమ దుభాషిగా ఒక చిన్న సర్క్యూట్ బోర్డు పనిచేస్తుంది. దీనిని బ్రిడ్జి అంటారు. కొన్ని నమూనాలలో ఈ బోర్డు విడిగా ఉండదు, యు.ఎస్.బి. సాకెట్టు నేరుగా డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది. వెస్టర్న్ డిజిటల్ వారి మై పాస్‌పోర్ట్ శ్రేణిలోని పలు నమూనాలలో ఈ బ్రిడ్జియే దత్తాంశాన్ని గూఢలిపిలోకి మార్చి పళ్ళాలపై వ్రాస్తుంది. యజమాని సంకేతపదం పెట్టకపోయినా ఇది జరుగుతుంది. అటువంటి డిస్కును విప్పి మరొక పెట్టెలో బిగిస్తే అర్థంలేని అంకెలే కనిపిస్తాయి. కనుక పాత బోర్డును ఎన్నడూ పారవేయరాదు.

పాడయ్యే విధాలు

అన్నిటికంటె తేలికైనది తీగ, లేదా బ్రిడ్జి చెడిపోవడం. వేరొక తీగతో, వేరొక కంప్యూటరుతో పరీక్షిస్తే ఇది బయటపడుతుంది. పునరుద్ధరణ ప్రసక్తి లేకుండానే సమస్య తీరిపోవచ్చును. పెద్ద పరిమాణపు డిస్కులకు విడిగా 12 వోల్టుల అడాప్టరు ఉంటుంది. పొరపాటున దాని స్థానంలో 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరు గుచ్చితే బోర్డు కాలిపోతుంది. అయితే ఇటువంటి సందర్భాలకై బోర్డు మీద రక్షణగా ఒక డయోడ్ ఉంటుంది. అది తాను కాలి మిగిలిన భాగాలను కాపాడుతుంది. అనుభవజ్ఞుడైన సాంకేతికుడు దానిని తొలగించగానే డిస్కు మామూలుగా తిరగడం కద్దు.

రెండవది ఫైలు వ్యవస్థ చెడిపోవడం. ఫైలు ఎక్కడ మొదలయి ఎక్కడ ముగుస్తుందో తెలిపే పట్టిక చెరిగిపోతే, గ్రంథాలయంలో పుస్తకాలన్నీ ఉండి సూచీ మాత్రం కాలిపోయిన పరిస్థితి ఏర్పడుతుంది. వ్రాస్తుండగా తీగ లాగివేయడం, కరెంటు పోవడం, వైరస్, పొరపాటున చేసిన ఫార్మాట్ దీనికి కారణాలు. ఇటువంటప్పుడు డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలని విండోస్ ఒక సందేశం చూపుతుంది. ఆ సందేశానికి అవునని జవాబివ్వడం వలన కోల్పోయిన ఫైళ్ళకు లెక్క లేదు.

మూడవది సెక్టర్లు చెడిపోవడం. పళ్ళెంపై సమాచారం 512, లేదా 4,096 బైట్ల సెక్టర్లుగా వ్రాయబడి ఉంటుంది. వీటిలో కొన్ని చదవడానికి వీలుకాకుండా పోతే డిస్కు మందగిస్తుంది, ఒక ఫోల్డరు తెరవడానికి నిమిషాలు పడుతుంది, మధ్యమధ్య డిస్కు తనంతట తానే విడివడి మళ్ళీ కనిపిస్తుంది. డిస్కులు తమ ఆరోగ్య వివరాలను స్మార్ట్ అనే నమోదులో ఉంచుకుంటాయి. అందులో 5వ అంశం స్థానం మార్చిన సెక్టర్లను, 197వ అంశం చదవడానికి మొరాయిస్తున్న సెక్టర్లను లెక్కిస్తుంది. ఈ రెండవ అంకె సున్నా కాకపోతే, పెరుగుతూ ఉంటే, ఆ డిస్కును నమ్మరాదు.

నాలుగవది యాంత్రిక నష్టం. డిస్కు తిరుగుతుండగా బల్ల మీదనుండి పడితే హెడ్డు పళ్ళాన్ని గీరవచ్చును, లేదా ఆగిన చోటనే అతుక్కుపోవచ్చును. టక్ టక్ మని లయగా వినిపించే చప్పుడు హెడ్డు తన గమ్యాన్ని వెదకి విఫలమై తిరిగి వస్తున్నదని చెబుతుంది. తిరుగుడు వినపడక సన్నని కీచుధ్వని మాత్రమే వస్తే పళ్ళాలు తిరగలేకపోతున్నాయని, సాధారణంగా హెడ్డు అతుక్కున్నదని గ్రహించాలి. గీరుతున్న చప్పుడు అన్నిటికంటె ప్రమాదకరం. హెడ్డు గీసిన చోట అయస్కాంత పూత పొడిగా రాలిపోతుంది. ఆ పొడితో పాటు అక్కడ వ్రాసి ఉన్నదీ పోతుంది.

వెంటనే చేయవలసినవి, చేయరానివి

అసహజమైన చప్పుడు వినిపిస్తే వెంటనే తీగ తీసివేయాలి. ఇంకొక్కసారి చూద్దాం అని మళ్ళీ మళ్ళీ తగిలించడమే గృహస్థులు చేసే పెద్ద పొరపాటు. గీరుతున్న డిస్కు నిమిషానికి 5,400 సార్లు తన మీద ఉన్నదాన్ని తానే చెరుపుకుంటున్నదని గుర్తుంచుకుంటే ఆ కోరికను ఆపుకోవడం తేలిక.

చెక్‌డిస్క్ అనే విండోస్ మరమ్మతు కార్యక్రమాన్ని చెడుతున్న డిస్కుపై నడపరాదు. దాని ధ్యేయం ఫైలు వ్యవస్థను సక్రమ స్థితికి తేవడమే, ఫైళ్ళను కాపాడడం కాదు. పొంతన కుదరని నమోదులను అది తీసివేస్తుంది, దిక్కులేని ముక్కలను పేరులేని ఫైళ్ళుగా మార్చి ఒక ఫోల్డరులో పడవేస్తుంది. పునరుద్ధరణ సాఫ్ట్‌వేరును పాడైన డిస్కు మీదనే స్థాపించడం, దొరికిన ఫైళ్ళను తిరిగి అదే డిస్కుపై భద్రపరచడం కూడా తగవు.

డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లోని మంచుపెట్టెలో పెడితే పనిచేస్తుందన్న సలహా చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. చల్లబడిన పళ్ళాలు బయటి తేమగాలి తగలగానే చెమ్మగిల్లుతాయి. ఆ నీటి బిందువుల మధ్య నానోమీటర్ల ఎత్తున హెడ్డు ఎగరలేదు. తెలుగునాట కోస్తా వాతావరణంలో ఈ ప్రయోగం మరీ హానికరం. డిస్కును చేతితో తట్టడం, గట్టిగా విదిలించడం కూడా ఇదే కోవకు చెందుతాయి.

ఇమేజి తీయడం

డిస్కు చప్పుడు లేకుండా తిరుగుతూ, నెమ్మదిగానైనా చదవగలుగుతుంటే మొదట చేయవలసినది ఫైళ్ళను వెదకడం కాదు. డిస్కు మొత్తాన్ని, మొదటి సెక్టరు నుండి చివరి సెక్టరు వరకు, వేరొక మంచి డిస్కులోనికి యథాతథంగా నకలు తీయాలి. దీనిని ఇమేజి అంటారు. ఆ తరువాతి ప్రయోగాలన్నీ నకలు మీదనే చేయాలి. నకలు పాడయితే మరొకటి తీసుకోవచ్చును, అసలుకు మాత్రం రెండవ అవకాశం ఉండకపోవచ్చును.

మామూలుగా ఫైళ్ళను ఎంచుకొని కాపీ చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. చెడిన సెక్టరు తగలగానే కంప్యూటరు దానినే పదేపదే చదవబోతుంది. ఆ ప్రయత్నంలో మిగిలిన ప్రాణం కాస్తా పోతుంది. ఈ పనికి ప్రత్యేకించినది 2004లో ఆంటోనియో డియాజ్ డియాజ్ విడుదల చేసిన డిడిరెస్క్యూ అనే ఉచిత కార్యక్రమం. ఇది లినక్స్‌లో పనిచేస్తుంది. నడుమ గీత ఉన్న పేరుతో ఇంచుమించు ఇలాగే వినిపించే మరొక కార్యక్రమం కూడా ఉన్నది, అది వేరు. డిడిరెస్క్యూ మొదటి విడతలో తేలికగా వచ్చే భాగాలను వేగంగా తీసుకుంటుంది, మొరాయించిన చోట ఆగక ముందుకు దూకుతుంది. మంచి భాగమంతా భద్రమైన తరువాతనే వెనుకకు వచ్చి చెడిన ప్రాంతపు అంచులను, ఆపైన లోపలి సెక్టర్లను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తుంది. ఏది వచ్చినదో, ఏది రాలేదో ఒక మ్యాప్ ఫైలులో వ్రాసుకుంటుంది. కనుక మధ్యలో ఆపి, డిస్కును చల్లబరచి, మరునాడు అక్కడినుండే కొనసాగించవచ్చును. ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి అసలు డిస్కుపై పడుతుంది. ఆజ్ఞ ఇచ్చే ముందు డిస్కుల క్రమసంఖ్యలను రెండుసార్లు సరిచూసుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్న ఒక టెరాబైటు డిస్కును సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున చదివితే 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. చెడిన డిస్కుకు రోజులు పట్టవచ్చును. బ్రిడ్జి గుండా కాక సాటా తీగతో నేరుగా తగిలిస్తే పని నమ్మకంగా సాగుతుంది, ఎందుకంటే బ్రిడ్జి లోపాలను దాచిపెట్టి, తరచు తానే తడబడుతుంది. పైన చెప్పిన గూఢలిపి నమూనాలకు ఈ సౌలభ్యం లేదు.

నేరపరిశోధనలో కూడా ఇమేజి తీయడమే మొదటి మెట్టు. అక్కడ మూలం మీద ఒక్క బైటు కూడా మారకుండా వ్రాత నిరోధక పరికరాన్ని వాడి, అసలుకు నకలుకు హాష్ విలువలు సరిపోల్చుతారు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హాష్ విలువను పేర్కొనాలి.

ఫైళ్ళను వెదకడం

ఇమేజి చేతికి వచ్చాక దానిలోని పట్టికలను చదివే ప్రయత్నం చేస్తారు. విండోస్ డిస్కులలో సాధారణమైన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ప్రతి ఫైలుకు ఒక నమోదు ఉంటుంది. ఫైలును తొలగించినపుడు ఆ నమోదు వాడుకలో లేదని గుర్తు పడుతుందే కాని, ఫైలు వెంటనే చెరగదు. పాత ఫ్యాట్ పద్ధతిలోనైతే పేరులో మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెట్టి, ముక్కల గొలుసును చెరిపివేస్తారు. అందువలన ముక్కలుగా చెదిరి ఉన్న ఫైలును మళ్ళీ కూర్చడం కష్టం. విభజన పట్టిక పోయిన డిస్కులకు క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత కార్యక్రమం బాగా పనిచేస్తుంది.

పట్టికలు పూర్తిగా నశిస్తే చివరి మార్గం గుర్తులను బట్టి వెదకడం. జె.పి.ఇ.జి. ఫొటో ఎల్లప్పుడూ ఎఫ్‌ఎఫ్ డి8 అనే బైట్లతో మొదలై ఎఫ్‌ఎఫ్ డి9తో ముగుస్తుంది. ఇటువంటి ఆద్యంత చిహ్నాలను పట్టుకొని గ్రెనియే గారిదే అయిన ఫొటోరెక్ కార్యక్రమం ఫైళ్ళను ఏరి తీస్తుంది. ఫొటోలు దొరుకుతాయి కాని వాటి పేర్లు, ఫోల్డర్లు దొరకవు. వేలాది ఫొటోలు సెక్టరు సంఖ్యలే పేర్లుగా కుప్పగా వచ్చి పడతాయి. కెమెరా ప్రతి ఫొటోలో దాచే తేదీని బట్టి వాటిని సంవత్సరాల వారీగా సర్దుకోవచ్చును.

ప్రయోగశాలలో

యాంత్రికంగా దెబ్బతిన్న డిస్కు ఇంటివద్ద బాగుపడదు. ఘనపుటడుగు గాలిలో 0.5 మైక్రాను, అంతకు మించిన రేణువులు 100కు మించని శుభ్రమైన గదిలో, లేదా అటువంటి గాలిపెట్టెలో దానిని విప్పుతారు. అదే నమూనాకు చెందిన మరొక డిస్కును దాతగా తీసుకొని దాని హెడ్డులను ఇందులో అమర్చుతారు. పేరు ఒకటైతే చాలదు, లోపలి ఫర్మ్‌వేరు, తయారీ కాలం కూడా కలవాలి. అందుకే పాత డిస్కుల దాతలు దొరకడం కష్టం.

బోర్డు మార్పిడి విషయంలో ఒక పాత అభిప్రాయం సరిచేయవలసి ఉన్నది. అదే నమూనా బోర్డు తెచ్చి బిగిస్తే చాలునన్న మాట తొలినాటి డిస్కులకు చెల్లింది. ఆ తరువాతి డిస్కులలో ప్రతిదానికి తన హెడ్డుల తీరుకు తగిన కొలతలు కర్మాగారంలోనే నిర్ణయించి బోర్డు మీది ఒక చిప్పులో వ్రాస్తారు. ఆ చిప్పును కూడా కొత్త బోర్డుకు మార్చకపోతే డిస్కు పలకదు.

వరదలో మునిగిన డిస్కులు ఒక ప్రత్యేక వర్గం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు నీట మునిగాయి. అటువంటి సమయాలలో తడిసిన డిస్కును ఎండలో పెట్టడం, బియ్యం డబ్బాలో పూడ్చడం సహజంగా తోచే పనులు. రెండూ తప్పే. సాధారణ డిస్కుకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, దాని గుండా నీరు లోపలికి పోతుంది. నీరు ఆరితే అందులోని ఒండ్రు, లవణాలు పళ్ళాలపై గట్టిపడి అతుక్కుంటాయి. తడి ఆరకుండానే మూసిన సంచిలో ఉంచి, కరెంటు తగిలించకుండా నిపుణులకు చేర్చడమే మేలు.

కొలంబియా నౌక డిస్కు

దత్తాంశం ఎంత మొండిదో తెలిపే ప్రసిద్ధ ఉదాహరణ అంతరిక్షనౌక కొలంబియాది. 2003 ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో ఆ నౌక టెక్సాస్ రాష్ట్రం మీద ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. జెనాన్ వాయువు స్నిగ్ధతపై చేసిన ఒక ప్రయోగపు ఫలితాలు కొంతవరకు రేడియో ద్వారా ముందే భూమికి చేరాయి. మిగిలినవి నౌకలోని హార్డ్ డిస్కులో ఉండిపోయాయి. కొన్ని నెలల తరువాత ఆ డిస్కు శిథిలాలలో, ఎండిన చెరువు గర్భంలో దొరికింది. బోర్డు కాలిపోయి, మూత చుట్టూ ఉన్న పట్టీ కరిగి, లోపలికి దుమ్ము చేరింది.

అమెరికాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు పళ్ళాలను రసాయనంతో శుభ్రపరచి కొత్త డిస్కులో అమర్చి సుమారు 99 శాతం దత్తాంశాన్ని బయటకు తీశారు. పళ్ళాలు వంగలేదు. డిస్కు సగమే నిండి ఉన్నది, గుంటలు పడిన చోట ఏమీ వ్రాసి లేదు. అందులో నడిచినది పాత డాస్ వ్యవస్థ కావడం వలన ఫైళ్ళు డిస్కు నిండా చెదరక ఒకచోటనే ఉన్నాయి. ప్రయోగ ఫలితాలు 2008 ఏప్రిల్‌లో ఫిజికల్ రివ్యూ ఇ పత్రికలో వెలువడ్డాయి.

తిరిగి రానివి

కొత్త సమాచారం పైన పడిన సెక్టరు తిరిగి రాదు. 1996లో పీటర్ గట్‌మన్ ప్రచురించిన వ్యాసం ఆధారంగా 35 సార్లు చెరిపితే గాని డిస్కు శుద్ధి కాదన్న నమ్మకం వ్యాపించింది. నేటి డిస్కులకు ఒక్కసారి పూర్తిగా పైవ్రాత చాలును. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. బాహ్య డిస్కులలో మరొక చిక్కు ఉన్నది. ట్రిమ్ అనే ఆజ్ఞ అందితే, తొలగించిన ఫైలు ఉన్న చోటును డిస్కు తానే ఖాళీ చేసుకుంటుంది. క్రింద పడినా చెడకపోవడం వీటి గుణం, పొరపాటున తొలగించినది దక్కకపోవడం దోషం. సంకేతపదం మరచిన గూఢలిపి డిస్కును ఏ ప్రయోగశాలా తెరవలేదు.

తెలుగు ఫైళ్ళ విషయం

తెలుగు పుస్తకాలు, పత్రికల పాత ఫైళ్ళను పునరుద్ధరించేవారు ఒక పొరపాటు పడే అవకాశం ఉన్నది. యూనికోడ్ వాడుక స్థిరపడక ముందు డి.టి.పి. కేంద్రాలలో తెలుగును పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో కూర్చేవారు. ఆ పద్ధతి తరువాత కూడా ముద్రణ రంగంలో చాలాకాలం సాగింది. ఆ ఫైళ్ళలో ఉన్నది నిజానికి రోమను అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. పునరుద్ధరించిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు, చుక్కలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోయినదని భ్రమించి దానిని పారవేయరాదు. సరైన ఫాంటు స్థాపించి చూడాలి, ఆపైన యూనికోడ్‌కు మార్చుకోవాలి. పాత డిస్కు నుండి ఫైళ్ళతో పాటు ఫాంట్ల ఫోల్డరును కూడా తీసి ఉంచుకుంటే ఈ ఇబ్బంది రాదు.

యూనికోడ్‌లో వ్రాసిన తెలుగును వెదకడం ఇంతకంటె సుళువు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి రెండు ఇ0 బి0, లేదా ఇ0 బి1 అయి తీరాలి. ఇమేజిలో ఈ జంటలు దట్టంగా ఉన్న చోటు దొరికితే, ఫైలు పేరు, పట్టిక ఏదీ లేకున్నా, అక్కడ తెలుగు వ్రాత ఉన్నదని తెలుస్తుంది. పాత వర్డ్ ఫైళ్ళలో ప్రతి సంకేతం రెండు బైట్లు, వాటిలో రెండవది 0సి. వర్డ్ 2007 నుండి వచ్చిన డాక్స్ ఫైళ్ళు కుదించి వ్రాయబడతాయి కనుక వాటిలో ఈ గుర్తులు కనిపించవు. వాటిని పి.కె. అనే ఆరంభ చిహ్నం ద్వారానే పట్టుకోవాలి.